మధ్యమ పరిమాణ విచారము

వస్తువుల పరిమాణమును గూర్చి భారతీయ దర్శనములందుఁ జేయఁబడిన విచారములలో మూఁడు పక్షములు ప్రసిద్ధములు. అణుపరిమాణ మొకటి, విభుపరిమాణ మొకటి, ఈ రెంటి నడుమ నుండు మధ్యమపరిమాణ మొకటి. ఆత్మ యెంత పరిమాణము గలదను ప్రశ్న పుట్టినపుడు నైయాయికులును అద్వైతులును నది విభువనిరి. రామానుజ మధ్వ సంప్రదాయములవారు జీవుఁ డణువనిరి. జైనులు మాత్రము జీవుఁడు తా నధిష్ఠించిన దేహమంత పరిమాణము గలవాఁడని చెప్పి మధ్యమపరిమాణమును స్వీకరించిరి. ప్రతివాదు లీ పక్షమున కారోపించిన దోషము పండితు లెఱిఁగినదే. మధ్యమపరిమాణము గలది సావయవము, సావయవమైనది కార్యము, కార్యమైనది ఘటమువలె ననిత్యము. ఇట్లు నిత్యత్వము రెండు కొసలకుఁ జెల్లెనే కాని నడిమిదానికిఁ జెల్లలేదు.

ప్రకృతిశాస్త్రముల చరిత్రమునందును నడిమి పరిమాణమున కిట్టి యనాదరమే చిరకాలము జరిగినది. 19వ శతాబ్ది మధ్యమునాఁటికి శాస్త్రజ్ఞుల యెదుట రెండు లోకము లుండెను. ఒకటి కంటికిఁ గానరాని యణువుల లోకము. రెండవది చేతఁ బట్టి తూఁచి కొలువఁదగిన స్థూలద్రవ్యముల లోకము. ఈ రెంటి నడుమ నున్నది మొదటిదానినుండి రెండవదానికిఁ బోవు త్రోవ మాత్రమే యని తలంపఁబడుచుండెను. అటుపిమ్మట నూటయేఁబది యేండ్లలో రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము, వాతావరణశాస్త్రము, సముద్రశాస్త్రము, జీవశాస్త్రము, తుదకు సమాజశాస్త్రము సయితము ఒకదాని వెనుక నొకటి మధ్యమమునకుఁ బ్రత్యేకస్థానమును గల్పించినవి. గ్రీకు భాషలో 'మెసోస్' అనఁగా నడిమిది. ఆ మాటనుండియే మెసోస్కోపిక్ భౌతికశాస్త్రము, మెసోస్కేల్ వాతావరణశాస్త్రము మొదలైన పేరులు పుట్టినవి.

ఇచట నొక సంశయము గలుగును. భౌతికశాస్త్రజ్ఞుఁడు మధ్యమమని చెప్పు వస్తువు 100 నానోమీటర్ల పరిమాణము గలది. వాతావరణశాస్త్రజ్ఞుఁడు మధ్యమమని చెప్పు మేఘసమూహము 100 కిలోమీటర్ల పొడవు గలది. రెండవది మొదటిదానికి లక్షకోట్ల రెట్లు. ఇంత భేదము గలవానికి ఒకే పేరు పెట్టుట కేవల నామసామ్యమా, లేక యర్థసామ్యము గూడ గలదా? దీనిని దెలిసికొనుటకు ముందు వైశేషికుల పరమాణువాదమునందలి యొక సూక్ష్మవిషయమును స్మరించుట యుక్తము.

కారణపరిమాణము తన కార్యమునందుఁ దన జాతిదియుఁ దనకంటె నుత్కృష్టమును నగు పరిమాణమును బుట్టించునని సామాన్యనియమము. మహత్తులైన నూలుపోగులనుండి మహత్తరమైన వస్త్రము పుట్టును. ఈ నియమమును బరమాణువులకు వర్తింపఁజేసినచో అణువైన దానినుండి యణుతరమైనదే పుట్టవలసివచ్చును. అపు డెన్ని పరమాణువులు గూడినను కంటికిఁ గానవచ్చు వస్తు వేర్పడదు. ఈ చిక్కును దాఁటుటకై వైశేషికులు పరమాణువుల పరిమాణమగు పారిమాండల్యమునకుఁ గారణత్వమునే నిరాకరించిరి. రెండు పరమాణువుల కూడికచే ద్వ్యణుకమును, మూఁడు ద్వ్యణుకముల కూడికచే త్ర్యణుకమును గలుగునని చెప్పి, త్ర్యణుకమునందలి మహత్త్వము ద్వ్యణుకముల పరిమాణమువలనఁ గాక వాని బహుత్వసంఖ్యవలనఁ బుట్టినదని నిర్ణయించిరి. గవాక్షమునుండి లోపలఁబడు నెండలోఁ గానవచ్చు ధూళికణమే వారి త్ర్యణుకము. ఆంధ్రుఁడగు అన్నంభట్టు తర్కసంగ్రహదీపికయందు ఈ ధూళికణమును బట్టియే పరమాణువును సాధించెను.

ఈ సిద్ధాంతమునందు ముఖ్యాంశ మొకటి గలదు. కారణములలో నెందును లేని మహత్త్వము కార్యమునందుఁ గలిగినది. కలుగుటకు సంఖ్య హేతువైనది. ఇది యనుమానముచేత సాధింపఁబడినదే కాని యంత్రములతోఁ గొలిచి చెప్పఁబడినది కాదు. ధూళికణమునం దాఱు పరమాణువులే యుండుననుట నేఁటి కొలతలకు నిలువదు. అట్టి కణమునందుఁ గోట్లకొలది పరమాణువు లుండును. కావునఁ బ్రాచీనులు నేఁటి శాస్త్రమును ముందే కనుఁగొనిరని చెప్పుట సాహసము. అయినను వారు వేసిన ప్రశ్న మాత్రము సజీవముగా నున్నది. 1972లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుఁడగు ఫిలిప్ ఆండర్సన్ ప్రకటించిన సుప్రసిద్ధవ్యాసము ఈ ప్రశ్ననే వేఱొక రీతిని జర్చించినది. అవయవములు పెక్కు గూడినపుడు అవయవియందుఁ గ్రొత్త ధర్మములు పుట్టుననియు, అవయవములను శాసించు నియమములు తెలిసినంతమాత్రమున ఆ క్రొత్త ధర్మములను ముందుగాఁ జెప్పఁజాలమనియు దాని సారము.

మధ్యమమును దనంతటఁ దానొక ప్రదేశముగా మొదట గుర్తించినది రసాయనశాస్త్రము. నీటియందుఁ గలిపిన ఉప్పు, పంచదార మొదలైనవి పార్చుమెంటు కాగితముగుండ నావలికిఁ బోవుచుండఁగా, జిగురు, గ్రుడ్డుసొన మొదలైనవి పోఁజాలక నిలిచిపోవుటను దామస్ గ్రాహమ్ పరిశీలించి, 1861లో రెండవ వర్గమునకుఁ గొల్లాయిడులని పేరిడెను. గ్రీకు భాషలో 'కొల్లా' యనఁగా జిగురు. తెలుఁగు పాఠ్యగ్రంథములు దీనిని గాంజికాభమనినవి. ఈ రెండును ద్రవ్యములలో వేఱువేఱు జాతులని గ్రాహమ్ తలంచెను. ఆ పక్షము నిలువలేదు. నీటియందు సంపూర్ణముగాఁ గరఁగు ఉప్పునే బెంజీనునందుఁ గాంజికాభముగా నిలుపవచ్చునని తరువాతివారు చూపిరి. కావునఁ గాంజికాభత్వము జాతి కాదు. ఏ ద్రవ్యమునకైనను గలుగఁదగిన యవస్థ. కణము సుమారు 1 నానోమీటరునకును 1000 నానోమీటర్లకును నడుమ నున్నపు డా యవస్థ యేర్పడును.

ఈ యవస్థయందలి ధర్మము లెంత విలక్షణములో బంగారము నిదర్శనముగాఁ జూపవచ్చును. 1857లో మైకేల్ ఫారడే బంగారు లవణపు ద్రవమునుండి మిక్కిలి సన్నని బంగారుకణములను వేఱుపఱచి, కెంపువలె నెఱ్ఱనైన ద్రవమును సిద్ధపఱచెను. సుమారు 20 నానోమీటర్ల కణములు గల ద్రవమున కీ వన్నె గలుగును. కాంతి సోఁకినపుడు కణమునందలి ఎలక్ట్రానులన్నియు నొక్కుమ్మడి నూఁగి యాకుపచ్చని కాంతిని హరించుటచే మిగిలిన యెఱుపు గానవచ్చును. కణములు పెద్దవైనకొలఁది, ఒకదాని నొకటి సమీపించినకొలఁది, వన్నె నీలిమవైపునకు మాఱును. ఈ యెఱుపు బంగారు పరమాణువొక్కదానియందు లేదు. కంసాలి చేతిలోని బంగారపుఁ గడ్డియందును లేదు. ఇది మధ్యమమునకే చెందిన గుణము.

ఇట్టి కణములు సామాన్య సూక్ష్మదర్శినికిఁ గానరావు. 1903లో సీడెంటోఫ్, జిగ్మాండీ యను నిరువురు పండితులు ప్రకటించిన పరాసూక్ష్మదర్శిని వానిని జూపఁగలిగెను. అందలి యుపాయము దర్శనాధ్యేతలకుఁ గ్రొత్తది కాదు. ప్రక్కనుండి తీవ్రమైన వెలుఁగును బ్రసరింపఁజేసి, చీఁకటి నేపథ్యముగా, కణము చెదరఁగొట్టిన వెలుఁగును మాత్రము చూచుటయే యది. గవాక్షపుటెండలో ధూళికణమును జూచు రీతియు నిదియే. 20వ శతాబ్ది రెండవ దశకమున వుల్ఫ్‌గాంగ్ ఆస్ట్వాల్డ్ తన గ్రంథమునకు 'ఉపేక్షింపఁబడిన పరిమాణముల లోకము' అను నర్థము వచ్చు పేరిడుటలో ఈ శాస్త్రము పడిన యనాదరము ధ్వనించుచున్నది.

మధ్యమము మఱియొక యుపకారము గూడఁ జేసినది. 20వ శతాబ్ది యారంభమున సయితము అణువులు నిజముగా నున్నవా, లేక లెక్కకొఱకుఁ గల్పింపఁబడినవా యను వివాదము తెగలేదు. నీటిలోని చిన్నరేణువులు నిలుకడలేక కదలుచుండునని 1827లో రాబర్ట్ బ్రౌన్ చూచియుండెను. 1905లో ఐన్‌స్టైన్ ఆ చలనమునకు నీటియణువుల తాఁకిడియే కారణమని గణితముచేఁ జూపెను. 1908 మొదలుగా జాఁ పెరిన్ పారిస్ నగరమున గాంబోజ్ అను పసుపువన్నె చెట్టుబంకతోఁ జిన్న గోళములను జేసి నీటఁ గలిపి పరీక్షించెను. భూమిమీఁద వాయుసాంద్రత సగమగుటకు నించుమించుగా 5 కిలోమీటర్లకు మించి పైకిఁ బోవలయును. పెరిన్ గోళముల సంఖ్య సగమగుటకు ఒక మిల్లీమీటరులో నూఱింట మూఁడు వంతు లెత్తు చాలెను. నియమము రెంటికి నొక్కటియే. గోళము వాయుకణమువలె నియమమునకు లోఁబడినది; ఱాతిరేణువువలెఁ గంటికిఁ గనఁబడి లెక్కకు వచ్చినది. రెండు లోకముల ధర్మములును గలిగిన యీ మధ్యమవస్తువే యణువుల యునికికి సాక్ష్యమయ్యెను. 1926లో పెరిన్‌నకు నోబెల్ బహుమాన మొసఁగఁబడెను.

ఇంతవఱకుఁ జెప్పినదానినిబట్టి, మధ్యమమునకు 1 నానోమీటరు మొదలు 1000 నానోమీటర్ల వఱకు హద్దులని నిర్వచనము చేయవచ్చును గదా యని తోఁచవచ్చును. భౌతికశాస్త్రమునందు జరిగిన యొక పరీక్ష యీ తలంపును వారించుచున్నది. 1981లో వాన్ కాంపెన్ మెసోస్కోపిక్ అను పదమును బ్రయోగించెను. 1985లో అమెరికాయందు రిచర్డ్ వెబ్ మొదలగువారు సుమారు 800 నానోమీటర్ల వ్యాసము గల బంగారపు టుంగరమును జేసి దానిగుండ విద్యుత్తును బోనిచ్చిరి. ఆ యుంగరమునందుఁ గోట్లకొలది పరమాణువులు గలవు. అయినను, కేవలశూన్య ఉష్ణోగ్రతకు ఒక్క డిగ్రీ లోపల దానిని జల్లార్చినపుడు, ఎలక్ట్రాను తరంగము ఉంగరము రెండు ప్రక్కలను జీలి ప్రవహించి మరల నొకచోటఁ గూడుకొన్నట్లు స్పష్టమయ్యెను. ఉంగరపు నడిమి యయస్కాంతక్షేత్రమును మార్చినపుడు విద్యున్నిరోధము క్రమముగాఁ బెరుగుచుఁ దఱుగుచు నుండెను. స్థూలమైన తీఁగయం దిట్టి విశేషము గానరాదు.

ఉంగరమును వేఁడి చేసినచో నీ విశేషము తొలఁగిపోవును. వేఁడిచేఁ గలిగిన కంపనములు ఎలక్ట్రాను తరంగముల పొందికను జెఱచును. అపు డుంగరము సామాన్యమైన తీఁగవలెనే వర్తించును. దాని వ్యాసము మాఱలేదు, పరమాణువుల సంఖ్య మాఱలేదు. మాఱినది ఉష్ణోగ్రత మాత్రమే. అయినను వస్తువు మధ్యమమునుండి స్థూలమునకుఁ బోయినది. తరంగపు పొందిక యెంత దూరము నిలుచునో ఆ దూరమునకును వస్తువు కొలతకును గల సంబంధమే యిచట మధ్యమత్వమునకు నిర్ణాయకము. ఇట్లే యొకే నమూనాతోఁ జేసిన రెండు ఉంగరములందును అందలి లోపములు వేఱువేఱుగా నమరియుండుటచే, నిరోధపుటెత్తుపల్లములు ఒకదానివలె నొకటి యుండవు. స్థూలవస్తువునం దట్టి భేదములు సగటులోఁ గలిసిపోవును. మధ్యమమునందు ప్రతివస్తువునకును దనదైన గుఱుతు మిగులును.

ఇఁక భూగోళముమీఁది మధ్యమమునకు వత్తము. వాతావరణశాస్త్రజ్ఞులు చిరకాలము వేల కిలోమీటర్ల విస్తారము గల వాయుచలనములను బటములందు గుర్తించి వర్షములను గాలులను ముందుగాఁ జెప్పుచుండిరి. ఒక కేంద్రమునుండి మఱియొక కేంద్రమునకు నూఱేసి కిలోమీటర్ల దూర ముండుటచే, నడుమఁ బుట్టి నడుమ నణఁగు గాలివానలు పటములకుఁ జిక్కలేదు. ఒక్క కేంద్రమున నిలిచి చూచువాని దృష్టికి నవి సంపూర్ణముగా నందలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున వృద్ధిపొందిన రేడారు ఈ లోపమును దీర్చెను. 1951లో లిగ్డా యను శాస్త్రజ్ఞుఁడు, ఒక కేంద్రమునకుఁ బెద్దవియుఁ బటమునకుఁ జిన్నవియు నగు నీ విషయములకు మధ్యమ వాతావరణశాస్త్రమను పేరు సూచించెను. 1975లో ఓర్లాన్‌స్కీ చేసిన విభాగమునందు మధ్యమము 2 కిలోమీటర్లనుండి 2000 కిలోమీటర్ల వఱకు వ్యాపించినది.

ఈ మధ్యమము నుపేక్షించుటవలనఁ గలుగు హాని పుస్తకములకుఁ బరిమితమైనది కాదు. 2005 జూలై 26న ముంబయి నగరమునఁ గురిసిన కుంభవృష్టి దీనికి నిదర్శనము. శాంతాక్రూజ్ కేంద్రమున 24 గంటలలో 94.4 సెంటీమీటర్ల వర్షము నమోదయ్యెను. అదే నగరమున సుమారు 25 కిలోమీటర్ల దూరమునందున్న కొలాబా కేంద్రమున 7.3 సెంటీమీటర్లే కురిసెను. ఋతుపవనము బలముగా నున్నదని పెద్దపటము చెప్పఁగలదు. నగరపు టేభాగము మునుఁగునో చెప్పఁజాలదు. వందలకొలఁది జనులు ప్రాణములు గోల్పోయిరి. తీరప్రాంతములందు డాప్లరు రేడారులను నెలకొల్పుటకు నిట్టి యనుభవములే ప్రేరకములు. ఆంధ్రతీరమున విశాఖపట్టణమునందును మచిలీపట్టణమునందును గల రేడారులు తుపానులోపలి మేఘపంక్తులను ఈ మధ్యమ పరిమాణముననే కనిపెట్టుచుండును.

యంత్రగణన ప్రవేశించినను చిక్కు పూర్తిగాఁ దీఱలేదు. వాయుమండలమును గడులుగా విభజించి లెక్కించునపుడు, గడి పదులకొలఁది కిలోమీటర్ల వెడల్పు గలదైనచో అందలి మేఘము లనేకములు గావున వాని ఫలమును సగటుగా నంచనా వేయుదురు. గడి కొన్నివందల మీటర్లదైనచో మేఘమునే నేరుగా లెక్కింతురు. నడిమి పరిమాణపు గడియందు మేఘములు సగటు తీయుటకుఁ జాలినన్ని లేవు. నేరుగాఁ జూచుటకుఁ దగినంత స్పష్టముగాను లేవు. గాలిసుడుల లెక్కలోఁ గలుగు నిట్టి స్థితికే 2004లో వింగార్డ్ అను శాస్త్రజ్ఞుఁడు లాటిను భాషలో 'తెలియని నేల' యను నర్థము గల పేరు పెట్టెను.

సముద్రమునందును నిట్టిదే జరిగినది. ప్రవాహములు స్థిరములని పటములందు వ్రాయఁబడుచుండఁగా, 1970లో సోవియట్టు శాస్త్రజ్ఞులును 1973లో అమెరికా, బ్రిటిషు శాస్త్రజ్ఞులును అట్లాంటికు సముద్రమున జరిపిన పరిశీలనలు నూఱు కిలోమీటర్ల ప్రమాణము గల సుడులను వెల్లడించినవి. సముద్రజలముల చలనశక్తిలో నధికభాగ మీ సుడులయందే యున్నదని పిదపఁ దేలినది. జీవకణమునందుఁ గైనేసిన్ అను ప్రోటీను అడుగునకు 8 నానోమీటర్ల చొప్పున నడచి బరువులు మోయును. ఒక యడుగునకు వ్యయమగు శక్తి చుట్టునున్న ఉష్ణకంపనపు శక్తికి ఇరువది రెట్లు మాత్రమే. అందుచేత దాని నడక బండిచక్రపు నడకవంటిది కాదు, పెనుగాలిలోఁ బోవువాని నడకవంటిది. సమాజశాస్త్రమున రాబర్ట్ మెర్టన్ 1949 నాఁటి గ్రంథమునందు మధ్యశ్రేణి సిద్ధాంతములను బ్రతిపాదించెను. అచట మధ్యమత్వము వస్తువునకుఁ గాక సిద్ధాంతపు వ్యాప్తికిఁ జెప్పఁబడినదగుటచే, ఆ ప్రయోగమును లాక్షణికమని గ్రహింపవలయును.

ఇపుడు లక్షణనిర్ణయము చేయవచ్చును. ఇన్ని నానోమీటర్లు గలది మధ్యమమని చెప్పినచో గాలివానకు వర్తింపదు, అవ్యాప్తి. రెంటి నడుమ నుండునది మధ్యమమని చెప్పినచో లోకమందలి ప్రతివస్తువును ఏదో రెంటి నడుమనే యుండును, అతివ్యాప్తి. 1948లో వారెన్ వీవర్ చేసిన విభాగ మిచట సాయపడును. రెండు మూఁడు రాశులు గల సమస్యలను బ్రాచీనగణితము సాధించినది. కోట్లకొలఁది రాశులు గల సమస్యలను సగటుల శాస్త్రము సాధించినది. ఒండొంటితో ముడివడి, విడివిడిగాఁ జూచుటకు మిక్కిలి యెక్కువగాను, సగటునకు మిక్కిలి తక్కువగాను ఉండు రాశుల సమస్యలు నడుమ మిగిలినవని యతఁడు చూపెను. దీని ననుసరించి, ఏ ధర్మమును గూర్చి విచారించుచున్నామో ఆ ధర్మవిషయమున, ఒక్కొక్క యవయవమును లెక్కించు పద్ధతియు సగటుపద్ధతియు రెండును జాలనిచోటు మధ్యమమని చెప్పినచో, కాంజికాభమునకును ఉంగరమునకును మేఘసమూహమునకును సమన్వయము గుదురును. లక్షకోట్ల రెట్ల భేదము బాధకము గాదు. కొలత ధర్మమునుబట్టి మాఱును, సంబంధము మాఱదు. కావున నిది నామసామ్యము మాత్రమే కాదు.

జైనపక్షముమీఁది ప్రాచీనాక్షేపణము గూడ నిచట సార్థకమగుచున్నది. మధ్యమము సావయవమనియు ననిత్యమనియుఁ బ్రతివాదులు చెప్పినది యథార్థము. ఉంగరము వేఁడిచే మధ్యమత్వమును గోల్పోవును. గాలివాన కొన్నిగంటలలో నణఁగును. కృష్ణా గోదావరులు తెచ్చు బంకమట్టియందలి సన్నని కణములు, నదినీటఁ దేలియాడుచు వచ్చి, సముద్రపు టుప్పు తగిలినంతనే గుంపులు గట్టి క్రిందికి దిగును. లంకలును డెల్టాయుఁ బెరుగుటకు నిదియు నొక కారణము. ఆత్మకు దోషమైన యనిత్యత్వము భౌతికవస్తువునకు దోషము గాదు; మధ్యమ మే పరిస్థితిలోఁ బుట్టునో, ఎంతకాలము నిలుచునో, దేనిచే నశించునో విచారించుటయే యీ శాస్త్రముల పని. పరమాణువు నిత్యము, ఆకాశము నిత్యమని యంగీకరించినను, నీరు దెచ్చుకొనుటకుఁ గావలసినది ఘటమే. తర్కసంగ్రహమును బోధించు నుపాధ్యాయులు త్ర్యణుక ప్రకరణమున కెంపువన్నె బంగారమును, పెరిన్ గోళములను గూడఁ బ్రస్తావించినచో, సంఖ్య మహత్త్వమున కెట్లు హేతువగునను ప్రశ్న విద్యార్థులకుఁ గంఠస్థమై నిలిచిపోక ప్రత్యక్షముగాఁ బరీక్షింపఁదగిన విషయమగును.